ఔషధ రసాయన శాస్త్రవేత్త కృషిని ఏ కొలతతో తూచాలి?

మీరు అడిగిన దాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. పదవీ విరమణకు దగ్గరపడిన ఒక ఔషధ రసాయన శాస్త్రవేత్త పరిశోధనా జీవితంపై మూల్యాంకన నివేదిక రాసే బాధ్యత మీకు అప్పగించారు. ఆయన పేరిట 180 పరిశోధనా పత్రాలు, 11 పేటెంట్లు ఉన్నాయి. హెచ్-ఇండెక్స్ (ఇతరుల పత్రాలలో ఆయన పత్రాలకు వచ్చిన ప్రస్తావనలను, అంటే ఉల్లేఖనలను బట్టి లెక్కించే సూచిక) 42. అయితే ఆయన తయారుచేసిన పదార్థాలలో ఏ ఒక్కటీ మందుగా మార్కెట్లోకి రాలేదు. ఈ వివరాలను బట్టి ఆయన ప్రభావం గొప్పదని రాయాలా, ఓ మోస్తరుదని రాయాలా అన్నది మీ సందేహం. ఇరవై ఏళ్ళకు పైగా సంశ్లేషణ (కొత్త పదార్థాల తయారీ) బల్ల దగ్గర పనిచేసి, ఆ తరువాత పత్రికలకు సమీక్షకుడిగా, ఎంపిక సంఘాలలో సభ్యుడిగా ఇలాంటి నివేదికలు చాలా చదివిన అనుభవంతో చెబుతున్నాను: మీరిచ్చిన నాలుగు వివరాలలో దేన్ని పట్టుకుని తీర్పు రాసినా అది ఆయనకు అన్యాయమో, లేదా అర్హతకు మించిన పొగడ్తో అవుతుంది. ఈ శాస్త్రంలో ఒక మనిషి ప్రభావం ఆయన చేసిన పదార్థాలనూ, కొలిచిన విలువలనూ, వాటి నుంచి తీసిన సూత్రాలనూ ఇతరులు తమ పనిలో ఎంతవరకు నమ్మి వాడుకున్నారన్న దానిలో ఉంటుంది. అది అంకెలలో కొంత కనబడుతుంది, చాలావరకు కనబడదు.

ఎందుకు కనబడదో తెలియాలంటే ఈ పని ఎలా సాగుతుందో కొంచెం వివరంగా చూడాలి. నాకు తెలిసినంతలో దీనికి కడుపు పుండ్ల మందు సిమెటిడిన్ కథను మించిన ఉదాహరణ లేదు. ఔషధ శాస్త్రవేత్త జేమ్స్ బ్లాక్ 1964లో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ సంస్థకు చెందిన వెల్విన్ ప్రయోగశాలలో చేరి, కడుపులో ఆమ్లం ఊరడానికి కారణమయ్యే హిస్టమిన్ చర్యను అడ్డుకునే పదార్థం కోసం వెతుకులాట మొదలుపెట్టారు. అప్పటికి వాడుకలో ఉన్న యాంటీహిస్టమిన్ మందులు అలర్జీకి పనిచేసేవి గాని కడుపులోని ఆమ్లాన్ని తగ్గించేవి కావు. కాబట్టి హిస్టమిన్‌కు రెండో రకం రిసెప్టర్ (కణంపై ఆ సంకేతాన్ని అందుకునే ప్రొటీన్) ఒకటి ఉండి ఉండాలని బ్లాక్ ఊహించారు. రాబిన్ గానెలిన్, గ్రాహం డ్యురాంట్, జాన్ ఎమ్మెట్ వంటి రసాయన శాస్త్రవేత్తలు హిస్టమిన్ అణువునే తీసుకుని ఒక్కో భాగాన్నీ మారుస్తూ తొలి నాలుగేళ్ళలో దాదాపు 200 పదార్థాలు చేశారు. ఒక్కటీ పనిచేసినట్టు కనబడలేదు. తరువాత పరీక్షా పద్ధతిని మెరుగుపరచి పాత సీసాలను మళ్ళీ పరీక్షించినప్పుడు, మొదట్లోనే చేసి పక్కన పెట్టిన గ్వానిల్‌హిస్టమిన్‌లో బలహీనమైన నిరోధక గుణం ఉన్నట్టు తేలింది. అది హిస్టమిన్ లాగా కొంత ప్రేరేపిస్తూనే కొంత అడ్డుకునేది. ఆ ప్రేరణ ముసుగులో అడ్డుకునే గుణం అంతకు ముందు ఎవరి కంటా పడలేదు.

అక్కడి నుంచి అణువు గొలుసును పొడిగించి, గ్వానిడీన్ స్థానంలో థయోయూరియాను పెట్టి బురిమమైడ్‌ను సాధించారు. హిస్టమిన్‌కు రెండో రిసెప్టర్ ఉందని నిరూపించిన 1972 నాటి నేచర్ పత్రం ఈ పదార్థం ఆధారంగా వచ్చినదే. కాని నోటి ద్వారా ఇస్తే దాని బలం చాలలేదు. గొలుసులో ఒక కార్బన్ బదులు గంధకాన్ని, ఇమిడజోల్ వలయంపై ఒక మిథైల్‌ను చేర్చి, ఆ వలయంలోని ఎలక్ట్రాన్ల పంపిణీని హిస్టమిన్‌కు దగ్గరగా తెచ్చాక మెటియమైడ్ వచ్చింది. అది రోగులలో బాగా పనిచేసింది. అయితే కొద్దిమందిలో తెల్ల రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోయాయి. థయోయూరియా భాగం మీద అనుమానం పడి, దాని స్థానంలో సయనోగ్వానిడీన్‌ను పెట్టారు. అలా తయారైన సిమెటిడిన్ 1976లో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చి, కడుపు పుండుకు శస్త్రచికిత్స తప్ప మార్గం లేదనుకున్న ఎందరినో ఆ అవసరం నుంచి తప్పించింది.

ఈ పన్నెండేళ్ళ పనిని మధ్యలో, 1968లో, ఒక సంఘం అంకెలతో కొలిచి ఉంటే ఏం తేలేదో ఆలోచించండి. నాలుగేళ్ళు, 200 పదార్థాలు, ఫలితం శూన్యం. బురిమమైడ్ ఎన్నడూ మందు కాలేదు. మెటియమైడ్ కూడా కాలేదు. అయినా ఆ రెండూ లేకపోతే సిమెటిడిన్ లేదు. రిసెప్టర్ ఉనికిని చూపింది మందు కాని ఆ బురిమమైడే. అందుచేత మీరు అంచనా వేస్తున్న శాస్త్రవేత్త పదార్థం ఏదీ మార్కెట్లోకి రాలేదన్న మాటను నివేదికలో లోపంగా రాయకండి. మందుల పరిశోధనలో మనుషులపై పరీక్షల దశకు చేరినవాటిలోనే పదింట ఒకటి మాత్రమే అనుమతి పొందుతుంది. ఆ దశకు చేరడానికి ముందు రాలిపోయేవాటికి లెక్కే లేదు. ఒక మనిషి వృత్తి జీవితంలో ఒక్క మందూ రాకపోవడం ఈ రంగంలో సర్వసాధారణం.

జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఉదాహరణ ఇంకా సూటిగా ఉంటుంది. సాంక్యో అనే మందుల సంస్థలో ఆయన వేలాది శిలీంధ్రాలను జల్లెడ పట్టి, కొలెస్ట్రాల్ తయారీలో కీలకమైన ఎంజైమును అడ్డుకునే కాంపాక్టిన్‌ను 1973లో కనుగొన్నారు. కాంపాక్టిన్ అభివృద్ధి మధ్యలోనే ఆగిపోయింది. దానికి అతి దగ్గరి నిర్మాణం ఉన్న లోవాస్టాటిన్‌ను మెర్క్ సంస్థ ముందుకు తీసుకెళ్ళింది, 1987లో అమెరికాలో అనుమతి పొందింది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుల కుటుంబమంతా ఆ మొదటి అణువు చూపిన దారిలోనే నడిచింది. 2008లో ఎండోకు లాస్కర్ పురస్కారం లభించింది. ఆయన సొంత అణువు మార్కెట్లో లేదు కాబట్టి ఆయన ప్రభావం ఓ మోస్తరుదని ఎవరైనా రాయగలరా?

ఇక అంకెల సంగతి. హెచ్-ఇండెక్స్‌ను 2005లో భౌతిక శాస్త్రవేత్త హార్హే హిర్ష్ ప్రతిపాదించారు. 42 అంటే కనీసం 42 సార్లు చొప్పున ఉల్లేఖనలు పొందిన పత్రాలు 42 ఉన్నాయని అర్థం, అంతకు మించి ఏమీ కాదు. ఆ పత్రాలలో ఆయన స్థానం ఏమిటో, ఉల్లేఖించినవారు ఎందుకు ఉల్లేఖించారో అది చెప్పదు. వయసుతో పాటు పెరుగుతుంది గాని తగ్గదు. క్యాన్సర్ సంబంధిత కైనేజులనే ఎంజైములపై పనిచేసేవారికి సహజంగానే పాఠకులు ఎక్కువ, నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధులపై పనిచేసేవారికి తక్కువ. కాబట్టి ఉపరంగాలు వేరైన ఇద్దరిని ఈ అంకెతో పోల్చడం సరికాదు. పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను (ఆ పత్రికలోని పత్రాలకు సగటున వచ్చే ఉల్లేఖనల సంఖ్యను) బట్టి మనిషిని తూచడం మరింత పొరపాటు. ఆ పద్ధతి వద్దని 2012 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో సమావేశంలో పరిశోధన మూల్యాంకనంపై రూపుదిద్దుకున్న డోరా ప్రకటన స్పష్టంగా చెప్పింది. దానిపై సంతకం చేసిన సంస్థలు చాలా ఉన్నాయి. మీ సంస్థ వాటిలో ఉందేమో చూసుకోండి, ఉంటే మీ నివేదికకు అదే బలం.

ఈ రంగంలో ఉల్లేఖనల సంఖ్య ఒక ప్రత్యేకమైన దిశలో తప్పుదారి పట్టిస్తుంది. పద్ధతులూ, నియమాలూ, సమీక్షా వ్యాసాలూ విపరీతంగా ఉల్లేఖించబడతాయి. అణువును నిర్మించిన పత్రాలకు ఆ భాగ్యం అరుదు. ప్రొటీన్‌ను కొలిచే పద్ధతిని వివరించిన లౌరీ బృందం 1951 నాటి పత్రం శాస్త్ర సాహిత్యంలోనే అత్యధికంగా ఉల్లేఖించబడినది, దాని సంఖ్య 3 లక్షలు దాటింది. క్రిస్టఫర్ లిపిన్‌స్కీ, ఆయన సహచరులు 1997లో ప్రకటించిన ఐదు నియమం ప్రతి ఔషధ రసాయన విద్యార్థికీ కంఠస్థం: అణుభారం 500, లాగ్ పి (కొవ్వులో కరిగే గుణానికి కొలత) 5, హైడ్రోజన్ బంధ దాతలు 5, గ్రహీతలు 10 దాటితే నోటి ద్వారా శోషణ కష్టమయ్యే అవకాశం ఎక్కువ. ఆ పత్రంలో కొత్త మందు ఏదీ లేదు, అయినా అది లక్షలాది అణువుల ఎంపికను ప్రభావితం చేసింది. అది నిజమైన ప్రభావమే. కాని దాని పక్కన, ఒక నిర్మాణ శ్రేణిని పదేళ్ళు ఓపికగా మలచిన పత్రాన్ని పెట్టి సంఖ్యలను పోల్చకూడదు.

మన యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం ఈ తేడాను ఒకే మనిషిలో చూపిస్తుంది. సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన ఫాస్ఫరస్ కొలత పద్ధతి ఆయన పేరుతోనే ప్రయోగశాలల్లో దశాబ్దాల పాటు నిలిచింది. ఉల్లేఖనలు లెక్కపెట్టేవారికి ఆయన ఆ పత్రంలో దొరుకుతారు. తరువాత అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థ ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణ, ఫోలిక్ ఆమ్ల విరోధులైన అమినాప్టెరిన్, మెథోట్రెక్సేట్, బోదకాలు పురుగులపై పనిచేసే డైఇథైల్‌కార్బమజీన్ వెలువడ్డాయి. సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌లో తాత్కాలిక ఉపశమనం సాధించినట్టు ప్రకటించింది ఆ అమినాప్టెరిన్‌తోనే. మెథోట్రెక్సేట్‌ను వైద్యులు నేటికీ రాస్తున్నారు. ఆ మందు చీటీలు ఏ ఉల్లేఖన సూచికలోనూ నమోదు కావు. సుబ్బారావు గారి పేరు ఎందరికి చేరాలో అందరికీ చేరకపోవడానికి, ఆయన కృషిలో ఎక్కువ భాగం బృందాల వెనుక, సంస్థల లోపల జరగడం ఒక ముఖ్య కారణమని నా నమ్మకం.

కాబట్టి మీరు చేయవలసిన పని సంఖ్య వెనుక ఉన్న వాక్యాన్ని చదవడం. ఆయన పత్రాలలో ఐదింటిని ఎంచుకోండి. అవి అత్యధికంగా ఉల్లేఖించబడినవే కానక్కర్లేదు, వాటిలో రెండు ఆయన స్వయంగా ముఖ్యమైనవిగా చెప్పినవైతే మంచిది. ఒక్కో దానిని ఉల్లేఖించిన ఇరవై పత్రాలను తెరిచి, ఆయన పేరు ఏ సందర్భంలో వచ్చిందో చూడండి. ఉపోద్ఘాతంలో పదిహేను ఉల్లేఖనల గుంపులో ఒకటిగా వస్తే దానికి పెద్ద విలువ లేదు. ఆయన పదార్థాన్ని తమ ప్రయోగంలో పోలిక ప్రమాణంగా పెట్టుకుని ఉంటే, అంటే ఎవరో దానిని మళ్ళీ తయారుచేసో కొనుక్కునో తమ పట్టికలో మొదటి వరుసలో పెట్టి ఉంటే, అది గట్టి సాక్ష్యం. ఆయన గమనించిన నిర్మాణ-చర్య సంబంధం (అణువులో ఏ భాగం మారితే దాని చర్య ఎలా మారుతుందన్నది) ఆధారంగా మరొకరు కొత్త శ్రేణిని రూపొందించి ఉంటే అంతకన్నా గట్టిది. ఆయన సొంత బృందం ఉల్లేఖనలను వేరుగా లెక్కించండి, అయితే వాటిని దోషంగా చూడకండి. ఒకే శ్రేణిపై పనిచేసేవారు తమ వెనుకటి పత్రాన్ని పేర్కొనక తప్పదు. ఈ పరిశీలనకు మీకు మూడు నాలుగు రోజులు పడుతుంది. ఒక మనిషి ముప్పయ్యేళ్ళ శ్రమపై రాసే నివేదికకు అది ఎక్కువ కాదని నా అభిప్రాయం.

తరువాత పత్రాలను విడివిడిగా కాక వంశావళిగా చదవండి. ఒక శ్రేణిలో మొదటి పత్రం, చివరి పత్రం పక్కపక్కన పెట్టుకుని, మధ్యలో ప్రశ్న ఎదిగిందా అని అడగండి. మొదటి దానిలో కేవలం చర్య బలం పెంచడం లక్ష్యమై, చివరి దానిలో నీటిలో కరిగే గుణం, కాలేయ ఎంజైముల తాకిడికి నిలిచే శక్తి, గుండె కణాలలోని పొటాషియం ద్వారాన్ని అడ్డుకుని గుండె లయను దెబ్బతీయకపోవడం వంటివి కూడా చర్చకు వస్తే ఆ శాస్త్రవేత్త ఎదిగారని అర్థం. పదిహేను పత్రాలలోనూ అదే వలయం, అవే ప్రత్యామ్నాయ సమూహాలు, అదే సూక్ష్మజీవి పరీక్ష కనిపిస్తే సంఖ్య పెరిగిందే తప్ప పని ముందుకు కదలలేదు. ఇలాంటి పత్రాలు ఈ రంగంలో చాలా వస్తున్నాయి, సమీక్షకుడిగా వాటిని చూసినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఒకే దారాన్ని వదలకుండా పట్టుకోవడం అంటే ఏమిటో అమెరికా శాస్త్రవేత్త గెర్ట్రూడ్ ఎలియాన్ పనిలో చూడండి. 1944లో జార్జ్ హిచింగ్స్ బృందంలో చేరిన ఆమెకు డాక్టరేట్ లేదు. ప్యూరిన్ అణువులను మార్చడమనే ఒక్క ఆలోచన నుంచి రక్త క్యాన్సర్‌కు 6-మెర్కాప్టోప్యూరిన్, అవయవ మార్పిడికి అజథయోప్రిన్ వచ్చాయి. 6-మెర్కాప్టోప్యూరిన్ శరీరంలో త్వరగా విచ్ఛిన్నం కాకుండా ఆపడానికి పరీక్షించిన అల్లోప్యూరినాల్ చివరకు గౌట్ వ్యాధికి మందైంది. బ్లాక్, హిచింగ్స్‌లతో పాటు ఆమెకు 1988లో నోబెల్ బహుమతి లభించింది.

ఆ కథలోనే ఘనత పంపకం గురించి ఒక పాఠం ఉంది. హెర్పిస్ వైరస్‌పై వాడే ఎసైక్లోవిర్ పేరు చెప్పగానే చాలామంది ఎలియాన్‌ను తలుచుకుంటారు. ఆ అణువును రూపొందించిన పనిలో ఆమె సహచరుడు హోవర్డ్ షేఫర్‌ది ప్రధాన పాత్ర. వైరస్ సోకిన కణాలలో మాత్రమే అది ఎందుకు చురుగ్గా మారుతుందో వివరించిన పని ఎలియాన్ బృందానిది. రెండూ గొప్ప పనులే, కాని వేరు వేరు పనులు. మీరు రాసే నివేదికలో కూడా మీ శాస్త్రవేత్త ఆలోచన ఇచ్చారా, పదార్థాలు చేయించారా, జీవశాస్త్ర పరీక్షలు నడిపారా, కేవలం నిధులు తెచ్చారా అన్నది స్పష్టంగా రాయాలి. రచయితల వరుసలో చివరి పేరు దీనిని చెప్పదు. ఇక్కడ పేటెంట్లు ఉపయోగపడతాయి. పేటెంటులో ఆవిష్కర్తగా పేరు రావాలంటే ఆ ఆలోచనలో నిజమైన భాగం ఉండాలని చట్టం కోరుతుంది కాబట్టి, పత్రాలలోని రచయితల పట్టిక కన్నా అది తరచుగా ఎక్కువ నిజం చెబుతుంది. దరఖాస్తు చేసిన 18 నెలలకు అది బహిరంగమవుతుంది. పరిశ్రమలో అదే పదార్థాలపై పత్రం కొన్నేళ్ళ తరువాత రావచ్చు, అసలు రాకపోవచ్చు. ఆయన ఏవైనా సంవత్సరాలు పరిశ్రమలో గడిపి ఉంటే ఆ కాలంలో పత్రాలు తగ్గడాన్ని విరామంగా లెక్కించకండి. మలేరియా మందు ఆర్టెమిసినిన్ నిర్మాణాన్ని వెల్లడించిన 1977 నాటి చైనా పత్రంలో వ్యక్తుల పేర్లే లేవు, పరిశోధక బృందం పేరు మాత్రమే ఉంది. దాని ఆవిష్కరణలో తూ యూయూ పాత్ర ప్రపంచానికి తెలిసి, 2015లో నోబెల్ రావడానికి దశాబ్దాలు పట్టింది.

నేను అన్నిటికన్నా ఎక్కువ బరువు ఇచ్చేది విలువల విశ్వసనీయతకు. దీనికి నా అనుభవమే కారణం. చాలా ఏళ్ళ క్రితం మా బృందం చేసిన ఒక పదార్థం ఎంజైమును అద్భుతంగా అడ్డుకున్నట్టు తేలింది. దాని చుట్టూ ఎనిమిది నెలలు పనిచేసి ముప్పైకి పైగా సాటి పదార్థాలు తయారుచేశాం. రెండోసారి వేరే మార్గంలో అదే పదార్థాన్ని చేసినప్పుడు చర్య పూర్తిగా మాయమైంది. మొదటి మార్గంలో వాడిన జింకు లవలేశంగా మిగిలిపోయి, ఎంజైమును అడ్డుకున్నది అదేనని చివరకు తెలిసింది. ఆ శ్రేణి మీద సగం రాసిన పత్రాన్ని మా మార్గదర్శి పక్కన పెట్టేశారు. ఆ రోజు ఆయన తీసుకున్న నిర్ణయం ఏ సూచికలోనూ లేదు, కాని దానివల్ల ఎన్ని ప్రయోగశాలలు వృథా శ్రమ నుంచి తప్పించుకున్నాయో నేను ఊహించగలను. జర్నల్ ఆఫ్ మెడిసినల్ కెమిస్ట్రీ వంటి పత్రికలు పరీక్షించిన పదార్థాల స్వచ్ఛత 95 శాతానికి తగ్గకూడదని కోరడం వెనుక ఇలాంటి అనుభవాలే ఉన్నాయి. 2010లో జోనథన్ బేల్, జార్జినా హాలోవే ప్రచురించిన పెయిన్స్ పత్రం ఎన్నో రకాల పరీక్షల్లో చర్య చూపినట్టు భ్రమ కలిగించే నిర్మాణాలను ఎత్తి చూపింది. మీ శాస్త్రవేత్త పత్రాలలో అలాంటి నిర్మాణాలు ఉంటే, అదనపు పరీక్షలతో ఆ అనుమానాన్ని నివృత్తి చేశారా అని చూడండి. పట్టికల్లో పనిచేయని పదార్థాలను కూడా నిజాయితీగా చూపారా అని చూడండి. సవరణ పత్రం ఏదైనా ఆయన తనంతట తాను ప్రచురించి ఉంటే దానిని ఆయనకు అనుకూలంగా రాయండి.

మరో రెండు మూడు సంగతులు క్లుప్తంగా. ఆయన ప్రచురించిన విలువలు చెంబుల్ వంటి బహిరంగ డేటాబేసుల్లో చేరి ఉంటాయి. అక్కడ ఆయన పదార్థాలెన్ని, ఎన్ని లక్ష్యాలపై పరీక్షించబడ్డాయో చూడవచ్చు. నేటి కంప్యూటర్ నమూనాలు ఆ విలువల నుంచే నేర్చుకుంటున్నాయి గనుక ఇదీ ప్రభావమే. ఒకే ఇంటిపేరు, పొడి అక్షరాలు ఉన్నవారి పత్రాలు కలిసిపోయి లెక్క పెరగడం తరచుగా జరుగుతుంది, కాబట్టి ఆయన ఆర్కిడ్ (పరిశోధకులను విడివిడిగా గుర్తించే) సంఖ్యతో జాబితాను సరిచూసుకోండి. ఆయన దగ్గర చదివినవారు ఇప్పుడు స్వతంత్రంగా ఏ ప్రశ్నలపై పనిచేస్తున్నారో కూడా తెలుసుకోండి. వారంతా గురువు వలయాన్నే తిరగేస్తున్నారంటే ఒక అర్థం, కొత్త ప్రశ్నలు వేస్తున్నారంటే మరో అర్థం.

నివేదిక రాసే ముందు వీలైతే ఆయనను ఒకసారి కలవండి. మీ జీవితంలో ఏ పదార్థాన్ని వదిలేయడం మీకు అన్నిటికన్నా కష్టమైంది, ఎందుకు వదిలేశారు అని అడగండి. పని లోపలి నుంచి చేసిన మనిషి ఆ అణువు నిర్మాణాన్ని కాగితంపై గీసి, ఏ బంధం దగ్గర, ఏ పరీక్షలో, ఏ సంవత్సరంలో ఆగిపోయారో చెబుతారు. ఆ చిత్రాన్ని, ఆ జవాబును ఆయన మాటల్లోనే నివేదికలో చేర్చి, దాని కిందనే మీరు చదివిన ఐదు పత్రాల పరిశీలనను రాయండి. 180, 11, 42 అనే అంకెలను చివరి పుటలో అనుబంధంగా ఇస్తే సరిపోతుంది.